పేరు లేని బటన్లు

ఖయ్యూమ్‌కి శాలువా పడదు. మాటవరసకి కాదు, నిజంగానే పడదు. మెడ మీద దద్దుర్లు లేస్తాయి. అయినా చూపు పోయిన దగ్గర్నుంచీ బెజవాడ ఊరు ఆయన్ని శాలువాలతో వదిలిపెట్టలేదు. వర్తక సంఘం వాళ్ళు ఒకటి కప్పారు. కాలనీ వాళ్ళు ఒకటి కప్పారు. ఎన్నికల ముందు ఎవరో పేరైనా చెప్పకుండా వచ్చి ఒకటి కప్పి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. తను ఏం సాధించాడని కప్పుతున్నారో ఆయనకి అర్థమయ్యేది కాదు. కళ్ళు కనపడకపోయినా మూడుపూటలా అన్నం తింటున్నాడనీ, పొద్దున్నే కొట్టుకు వస్తున్నాడనీ అయ్యుండాలి. ఇంటికి తెచ్చి భార్య ఫక్రున్నీసా చేతిలో పడేస్తే ఆవిడ వాటితో టీవీకీ, కుట్టుమిషనుకీ, మంచినీళ్ళ డ్రమ్ముకీ కవర్లు కుట్టింది.

"ఇంకొకటి తెచ్చారంటే ఫ్రిజ్జుక్కూడా సరిపోద్ది" అనేది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూయే గానీ ఆ ఎకసెక్కం ఏ భాషలోనైనా ఒకటే.

ఆటోనగర్‌లో ఖయ్యూమ్‌ది లారీ స్పేర్ పార్టుల కొట్టు. తొంభై మూడులో పెట్టాడు. క్లచ్ ప్లేట్లు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బ్రేకు సామాను. చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు రాత్రిళ్ళు తగ్గింది. తర్వాత పక్కలన్నీ మూసుకుపోయి గొట్టంలోంచి చూస్తున్నట్టయింది. రెండువేలు దాటేసరికి వెలుగుందో చీకటుందో తెలియడం మాత్రం మిగిలింది. పోతోందన్న సంగతి ఆయన చాలాకాలం దాచిపెట్టాడు. దాచిన ఆ రోజుల్లో పడిన అవస్థలు తర్వాత ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఏలూరు నుంచి వచ్చిన పెద్ద పార్టీ చెయ్యి చాపితే అది కనపడక పక్కనున్న గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టి, అదే చేత్తో ఆయన భుజం ఆప్యాయంగా తట్టాడు. తెల్ల చొక్కా. "మా ఆటోనగర్ ఆశీర్వాదం అండీ ఇది" అని నవ్వేశాడు. ఇంకోసారి ఒక పెళ్ళిలో పక్కన నిలబడ్డది ఫక్రున్నీసా అనుకుని, "పద పోదాం, బిర్యానీలో ముక్కలే లేవు" అని చెవిలో చెప్పాడు. ఆవిడ పెళ్ళికూతురి తల్లి.

ఆ బిర్యానీ మాటతో దాపరికం ముగిసింది. ఫక్రున్నీసా ఆ వారమే ఆయన్ని కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఇది తిరిగొచ్చేది కాదని డాక్టరు చెప్పాడు. ఖయ్యూమ్ కొన్నాళ్ళు మంచమెక్కాడు, తర్వాత దిగాడు. చూపులేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పే ఒక సంస్థకి వెళ్ళి, తెర మీద ఉన్న అక్షరాలని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం వాడడం నేర్చుకున్నాడు. దాని గొంతు జలుబు చేసిన రేడియో అనౌన్సరు గొంతులా ఉండేది. ఇంగ్లీషే చదివేది. స్పేర్ పార్టుల పేర్లన్నీ ఎలాగూ ఇంగ్లీషే కాబట్టి ఇబ్బంది లేదు. కొట్లో పాత బిల్లింగ్ ప్రోగ్రాం నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఉండేది. అందం చందం లేదు, ఒక బొమ్మ లేదు. అందువల్లనే ఆ జలుబు గొంతు దాన్ని తు.చ. తప్పకుండా చదివేది. ఖయ్యూమ్ తిరిగి గల్లాపెట్టె పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. బిల్లు తనే కొట్టాడు, బేరం తనే ఆడాడు, ముక్కు మీద కోపం కూడా తిరిగొచ్చింది. అంతకుముందు ఆయన కుర్చీలో కూర్చున్న బావమరిది రిజ్వాన్ మళ్ళీ గోడౌన్‌లోకి వెళ్ళాడు, కాస్త మూతి ముడుచుకుని.

అలా నాలుగైదేళ్ళు బాగానే గడిచింది. రెండువేల ఏడులో 'కొట్టు' వచ్చింది.

'కొట్టు' అన్నది ఒక ప్రోగ్రాం పేరు. ఊళ్ళో కంప్యూటర్లు చదివిన కుర్రాళ్ళు కొందరు ప్రతి ఆదివారం గుణదలలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడమీద చేరి, డబ్బు తీసుకోకుండా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏం రాశారో చూడొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. అది వాళ్ళ సిద్ధాంతం. మంచి సిద్ధాంతమే. ఆ బృందానికి పెద్ద, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ అయిన సంజీవరావు. అసలు రాత పని చాలావరకు చేసేది సూర్యప్రకాష్ అని, పగలు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో ఉద్యోగం చేసుకునే కుర్రాడు. ఆటోనగర్ కొట్లన్నిటినీ ఇంటర్నెట్‌లో కలిపేలా 'కొట్టు'ని తయారు చేశారు. ఒక కొట్లో లేని పార్టు ఏ కొట్లో ఉందో తెర మీదే తెలిసిపోతుంది. వర్తక సంఘం ఎగిరి గంతేసి, ఫలానా తేదీ నుంచి అందరూ దీంట్లోనే బిల్లు కొట్టాలని తీర్మానం చేసింది.

మొదటిరోజు ఖయ్యూమ్ 'కొట్టు' తెరిచి, కీబోర్డు మీద ఒక్కో బటన్‌కీ జరిపే ట్యాబ్ నొక్కాడు. జలుబు గొంతు "గ్రాఫిక్" అంది. మళ్ళీ నొక్కాడు. "గ్రాఫిక్." ఇంకోసారి. "గ్రాఫిక్."

"ఏంది దూల్హాభాయ్, రికార్డు అరిగిందా?" అన్నాడు వెనకనుంచి రిజ్వాన్. బావగారిని వాడు అలాగే పిలుస్తాడు.

బిల్లు అన్న మాట రాయాల్సిన చోట కాగితం బొమ్మ పెట్టారు. వెతుకు అన్న చోట భూతద్దం పెట్టారు. సరుకు అన్న చోట ఎడ్లబండి పెట్టారట. చూసేవాళ్ళందరూ ముచ్చట పడ్డారు. బొమ్మ వెనకాల దాని పేరు రెండు అక్షరాలు రాసిపెట్టి ఉంటే చదివే ప్రోగ్రాం చదివేది. రాయలేదు. బొమ్మలు పెట్టినవాడికి ఆ బొమ్మలు చూడలేని మనిషి కూడా కొట్టు నడుపుతాడన్న ఆలోచనే రాలేదు.

వారం తిరక్కుండా రిజ్వాన్ కుర్చీలోకి వచ్చాడు, ఖయ్యూమ్ బయట అరుగు మీది స్టూలు మీదికి వెళ్ళాడు. వచ్చేపోయేవాళ్ళకి టీ చెప్పడం, ఎండ ఎలా ఉందో అడగడం ఆయన పనయింది. పాత కస్టమర్లు లోపలికి వెళ్ళబోతూ ఆయన భుజం మీద ఒక చెయ్యి వేసి వెళ్ళేవాళ్ళు, మసీదు గుమ్మం దగ్గర పెద్దాయన్ని పలకరించినట్టు. ఆ చెయ్యి పడ్డప్పుడల్లా ఆయన భుజం విదిలించుకునేవాడు. తన కొట్లో, తన కుర్చీలో కూర్చుని తన బిల్లు తను కొట్టుకోవాలి. ఆయనకి కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

అందుకే భార్యను వెంటబెట్టుకుని ఒక ఆదివారం గుణదల వెళ్ళాడు.

మేడ మెట్ల దగ్గరే ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని దాదాపు మోసుకుపోయారు. ఒకడి చేతికి సమోసా నూనె ఉంది. కుర్చీలో కూలేశాక ఆ నూనె చేతివాడు ఫక్రున్నీసాతో, "సార్ కాఫీ తాగుతారామ్మా?" అన్నాడు.

"ఆయన్నే అడుగు బాబూ. నోరు బాగానే పనిచేస్తది, చానా బాగా" అంది ఆవిడ.

అతను ఖయ్యూమ్ వైపు వంగి, చెవిటివాడితో మాట్లాడినట్టు, "కాఫీ! తాగుతారా! సార్!" అని అరిచాడు.

సంజీవరావు మైకు అందుకున్నాడు. స్వేచ్ఛ అన్నాడు, సమానత్వం అన్నాడు, సాఫ్ట్‌వేర్ చిట్టచివరి మనిషి గడపదాకా వెళ్ళాలన్నాడు. ఆ గడప మనిషి మొదటి వరసలో కూర్చుని కాఫీ చల్లారబెట్టుకుంటున్నాడు. చివరికి మైకు ఖయ్యూమ్ చేతికొచ్చింది. ఆయన దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాడు.

"మీరు బటన్ల మీద బొమ్మలు పెట్టారు. పెట్టుకోండి. ఆ బొమ్మ వెనకాల దాని పేరు రాయండి. నా మిషను చదువుకుంటది, నా కొట్టు నేను..."

చప్పట్లు మోగాయి. ఆయన మాట పూర్తి కాలేదన్న సంగతి చప్పట్లు కొట్టేవాళ్ళకి పట్టలేదు. "ఎంత స్ఫూర్తి! ఎంత ఆత్మస్థైర్యం!" అన్నాడు సంజీవరావు, గొంతు గద్గదమై. ఆ వెంటనే మెడ మీద గరుగ్గా, కర్పూరం వాసనతో వెచ్చగా ఏదో పడింది. ఏం పడిందో చెప్పక్కర్లేదు. కెమెరా టక్కుమంది.

దిగేటప్పుడు మెట్ల మీద సూర్యప్రకాష్‌ని పట్టుకున్నాడు. "బాబూ, ఆ పేర్ల సంగతి?"

"నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం సార్. ఇప్పుడు చాలా పెండింగ్ ఉన్నాయి. అదీగాక..." కుర్రాడు కాస్త నసిగాడు. "మొత్తం ఆటోనగర్‌లో మీరొక్కరే కదండీ. ఒక్క యూజర్ కోసం అంటే..."

ఖయ్యూమ్ మిగతా మెట్లు దిగిపోయాడు. ఆటోలో ఇంటికి వస్తూ మెడ గోక్కుంటూ, "శాలువా కప్పేటప్పుడు ఒక్కణ్ణే ఉన్నానని గుర్తు రాలేదు ఈ నాయాళ్ళకి" అన్నాడు.

"ఫ్రిజ్జుకి చాలుద్దా?" అంది ఫక్రున్నీసా, గుడ్డ కొలుస్తూ.

నెల దాటింది, ఎండలు పోయాయి, కాలవలకి నీళ్ళొదిలారు. నెక్స్ట్ వెర్షన్ వచ్చింది. ఆ కబురు తెచ్చింది లారీ మేస్త్రి ఆమోసు. ఇంజను పనిలో ఆటోనగర్ మొత్తానికీ పేరున్నవాడు, ఖయ్యూమ్‌కి కొట్టు పెట్టిన నాటినుంచీ ఖాతాదారు.

"భాయ్, మీ ఫొటో వచ్చిందయ్యో కంప్యూటర్లో! తెరవంగానే మొదటి పేజీలో మీరే. శాలువా, దండ, పెళ్ళికొడుకులా ఉన్నారు. కాకపోతే ఆ ఫొటో తెర మీదికి దిగేసరికి మా వోళ్ళు టీ తాగొస్తన్నారు, అంత నిదానం."

ఖయ్యూమ్ రిజ్వాన్‌ని ఒక్క నిమిషం లేపి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ట్యాబ్ నొక్కాడు.

"గ్రాఫిక్," అంది జలుబు గొంతు. "ఐ ఎమ్ జి, అండర్‌స్కోర్, జీరో త్రీ ఫోర్ సెవెన్, డాట్ జేపీజీ."

అది ఆయనే. ఆ తర్వాత బిల్లు గ్రాఫిక్, భూతద్దం గ్రాఫిక్, ఎడ్లబండి గ్రాఫిక్, ఎక్కడివక్కడే ఉన్నాయి. మనిషిని కూడా తీసుకెళ్ళి వాటి వరసలో పేరు లేకుండా నిలబెట్టారు. ఖయ్యూమ్‌కి కోపం రాలేదు. ముద్దలో వెంట్రుక వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలా అయింది. గొంతులో ఏదో అడ్డం పడి, ఉమ్మెయ్యడానికి చోటు దొరక్క ఊరుకున్నాడు.

చిరాకులో ట్యాబ్ అలా నొక్కుతూనే ఉన్నాడు. చిట్టచివర జలుబు గొంతు ఉన్నట్టుండి గలగలా మాట్లాడడం మొదలుపెట్టింది. 'కొట్టు' తయారుచేసిన వాళ్ళ పేర్లట. ఒక్కొక్కరి పేరు, ఏం చేశారు, సెల్ నంబరు. అవి మాత్రం శుభ్రంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. సాఫ్ట్‌వేర్ మొత్తంలో చూపులేనివాడు హాయిగా చదువుకోగలిగింది ఆ ఒక్క పేజీ.

ఖయ్యూమ్ ఆ పేజీ రెండుసార్లు విన్నాడు. మర్నాడు స్టూలు మీద కూర్చుని సెల్‌ఫోన్ తీశాడు.

మొదటివాడు రామాంజనేయులు. "రామాంజనేయులు గారా? ఆటోనగర్ ఖయ్యూమ్‌ని. మీ పేరు రోజూ వింటున్నానండీ."

"క్రెడిట్ కార్డ్ వద్దండీ" అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేసి, మీరు చేసిన భూతద్దానికి పేరు పెట్టలేదని చెబితే, "నేను రంగు మాత్రమే వేశానండీ" అన్నాడు. ఇంకొకడు బస్సులో ఉన్నానన్నాడు. ఎప్పుడు చేసినా బస్సులోనే ఉన్నాడు. ఒకమ్మాయి నిజంగా బాధపడి, రాత్రంతా కూర్చుని పెద్ద ఈమెయిల్ రాసింది, అందులో సారీ చాలాసార్లు ఉంది, బటన్ లేదు. ఖయ్యూమ్ ఎవరినీ బతిమాలలేదు. మీ పేరు విన్నాను, మీ బటన్‌కి పేరు లేదు, ఎప్పుడు పెడతారు అంటాడు, అంతే. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు కాబోలు, ఒక శనివారం సాయంత్రం సూర్యప్రకాష్ మోటారుసైకిలు వేసుకుని కొట్టుకే వచ్చేశాడు.

"సార్, మీరు ఫోన్లాపండి. ఇవాళ చేసేస్తాను."

రిజ్వాన్ కుర్చీ ఖాళీ చేశాడు. సూర్యప్రకాష్ కూర్చుని టకటకా కొట్టాడు. చెప్పిన టీ వచ్చేలోపే లేచాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఖయ్యూమ్.

"అయిపోయిందండీ. చిన్న పనే."

చిన్న పనే! ఎండాకాలం పోయి వానాకాలం వచ్చిందాకా ఆపిన పని, ఒక టీ వచ్చేంత పని! ఖయ్యూమ్‌కి మళ్ళీ వెంట్రుక అడ్డం పడింది. అయినా మింగుకుని ట్యాబ్ నొక్కాడు.

"బటన్ వన్," అంది జలుబు గొంతు. "బటన్ టూ. బటన్ త్రీ."

టైరు మీద కూర్చుని, అప్పుడే వచ్చిన టీ తాగుతున్న ఆమోసుకి పొలమారింది.

"బాబూ" అన్నాడు ఖయ్యూమ్, చాలా మర్యాదగా. "మీ ఇంట్లో పిల్లలకి పేర్లు ఎట్టా పెడతారు?"

సూర్యప్రకాష్ ముఖం కందగడ్డ అయిందని ఆమోసు తర్వాత చెప్పాడు. మళ్ళీ కూర్చుని ఈసారి బిల్లుకి బిల్లు అని, వెతుకుకి వెతుకు అని, అర్థమయ్యే ఇంగ్లీషు మాటలు రాశాడు. ఖయ్యూమ్ ఆ సాయంత్రం తన చేత్తో ఒక బేరింగు బిల్లు కొట్టాడు. రిజ్వాన్ గోడౌన్‌లోకి నడిచాడు. మూడు వారాలు కుర్చీ ఖయ్యూమ్‌దయింది.

నాలుగో వారం ఇంకో వెర్షన్ వచ్చింది. సంజీవరావు గారికి ఎడ్లబండి మోటుగా ఉందనిపించి, ఎవరిచేతో కొత్త బొమ్మలు గీయించి, సూర్యప్రకాష్ ఊళ్ళో లేని సమయంలో ఎక్కించేశారు. బొమ్మలతో పాటు వాటి వెనకాల పేర్లూ పోయాయి.

"గ్రాఫిక్."

ఖయ్యూమ్ కుర్చీలోంచి లేచి, తనే నడిచి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. రిజ్వాన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆమోసుకి మాత్రం నిజంగా ఒళ్ళు మండింది.

"ఏందిది భాయ్, ట్రయల్ లేకండా బండి బయటికొదిలేత్తారా వీళ్ళు?"

ట్రయల్ అంటే ఆటోనగర్‌లో చిన్న మాట కాదు. ఇంజను విప్పి బిగించిన లారీని హనుమాన్ జంక్షన్ దాకా తోలి వెనక్కి తీసుకొస్తారు. పని చేసిన మేస్త్రి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చోవాలి. ఏ శబ్దం వచ్చినా అక్కడే వినాలి, దారిలో ఆగితే అక్కడే దిగి చెయ్యి నల్లగా చేసుకోవాలి. మేస్త్రి ఎక్కనంటే ఆ బండిని ఓనరు తీసుకోడు. ఎంత పేరున్నవాడైనా అంతే.

ఖయ్యూమ్ ఆ ఆదివారం మళ్ళీ గుణదల వెళ్ళాడు. ఫక్రున్నీసాతో పాటు ఆమోసు కూడా, గ్రీజు లుంగీతో. ఈసారి రెక్క పట్టుకోబోయినవాడి చెయ్యిని ఆవిడే పక్కకి తీసింది.

సంజీవరావు చాలా నొచ్చుకున్నాడు. "ఖయ్యూమ్ గారూ, మీ బాధ మాకు అర్థమైంది. అందుకే ఒక సబ్‌కమిటీ వేస్తున్నాం. దానికి గౌరవాధ్యక్షులు మీరే."

వెనక ఎవరో అప్పుడే ప్లాస్టిక్ కవరు విప్పుతున్న చప్పుడు ఖయ్యూమ్ చెవిన పడింది. లోపల ఏముందో వాసనకే తెలిసింది.

"ఆ గుడ్డ కవర్లోనే ఉంచండి సార్, నాకు దద్దుర్లు లేస్తాయి" అన్నాడు. "గౌరవం కూడా వద్దు. నేను అడిగేది ఒకటే. కొత్త వెర్షన్ బయటికి వదిలే ముందు నా కొట్టుకు రండి. నేను మౌసు ముట్టుకోకుండా, ఎవరినీ అడక్కుండా ఒక బిల్లు కొడతా. చేసినవాళ్ళు నా పక్కన కూర్చుని వినండి. బిల్లు వస్తే వదలండి, రాకపోతే వదలొద్దు. మా దగ్గర లారీకి ఇట్టాగే చేస్తాం."

"ప్రతి వెర్షన్‌కీ అంటే ఆలస్యం అవుతుందండీ. వలంటీర్లు... వాళ్ళ సొంత టైమ్..."

"చప్పట్లు కొట్టింది కూడా సొంత టైమేగా సార్" అంది ఫక్రున్నీసా.

సూర్యప్రకాష్ వెనక వరసలోంచి లేచాడు. "నేను వెళ్తాను సార్. ఖయ్యూమ్ భాయ్ బిల్లు కొట్టందే ఇకనుంచి ఏ వెర్షనూ నేను వదలను. కాదంటే రాసే పని మీరు చూసుకోండి." సంజీవరావు మైకులో దగ్గి, ఇది మన బృందం ఎప్పటినుంచో అనుకుంటున్నదేనని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఖయ్యూమ్ ఆ చప్పట్లు అయ్యేదాకా ముఖం చిట్లించుకుని కూర్చున్నాడు.

సూర్యప్రకాష్ మాట నిలబెట్టుకున్నాడు. దసరా వెళ్ళాక కొత్త వెర్షన్ తీసుకుని వచ్చాడు, ఖయ్యూమ్ పక్కన స్టూలు వేసుకున్నాడు, రెండు చోట్ల జలుబు గొంతు తడబడితే అక్కడికక్కడే సరిచేశాడు. బిల్లు వచ్చింది. మర్నాడు పొద్దున ఖయ్యూమ్ కొట్టు తెరిచి, కుర్చీ దగ్గర నిలబడ్డాడు.

"ఇవాళ రష్షుంటది దూల్హాభాయ్," అన్నాడు రిజ్వాన్, లేవకుండా. "రేపట్నుంచి..."

"లే."

లేచాడు.

మొదటి బేరం ఆమోసుదే. క్లచ్ ప్లేట్ అడిగాడు. ఖయ్యూమ్ వెతికాడు, గొంతు చదివింది, బిల్లు కొట్టాడు, ప్లేటు ఇచ్చి పంపాడు. గంటకల్లా ఆమోసు ప్లేటు తెచ్చి బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఏంది భాయ్ ఇది? నేనడిగిన మోడలేంది, నువ్విచ్చిందేంది? బండి విప్పి కూచున్నానక్కడ!"

"నే చెప్తానే ఉన్నా" అని రిజ్వాన్ గోడౌన్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఆ మిషనుతో పనికాదని చెప్తానే ఉన్నా."

ఖయ్యూమ్ తెర మీద వెనక్కి వెళ్ళి అదే చోట మళ్ళీ విన్నాడు. మోడలు నంబరు గొంతు సరిగానే చదివింది. పూర్తిగా వినకుండా, మొదటిరోజు హుషారులో ఎంటర్ నొక్కింది తనే.

"మిషను తప్పు కాదు. నాదే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోవడం చూసి ఆమోసుకి ఇంకా కోపం వచ్చింది.

"తప్పు చేసి నవ్వుతావేందయ్యా!"

"ఆగు, ఆగు. వాపసు బిల్లు కొట్టి సరైన ప్లేటిస్తా." ఖయ్యూమ్ వాపసు కోసం ట్యాబ్ నొక్కాడు.

"గ్రాఫిక్."

వాపసు సంగతి ట్రయల్లో ఇద్దరికీ గుర్తు రాలేదు. "ఛీ, దీని మొహం మండ!" అన్నాడు ఖయ్యూమ్ మనస్ఫూర్తిగా. రిజ్వాన్ ఒక అడుగు ముందుకు వేసి, బావగారు లేస్తారని కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. ఖయ్యూమ్ లేవలేదు. కూర్చున్న చోటునుంచే సెల్‌ఫోన్ తీశాడు.

"సూర్యప్రకాష్, ఆఫీసులో ఉన్నావా? అక్కడ చెప్పి బయలుదేరు. ఆమోసు బండి విప్పి కూచున్నాడు. నేనిక్కడే ఉంటా."